బొమ్మల సినిమాలో నాయన ఏడ్చిన పూట

మొన్న ఆదివారం సూర్యాపేటలో ఒక బొమ్మల సినిమాకు ఒక్కదాన్నే వెళితే, గేటు దగ్గర టికెట్లు చించే ఆయన నా నెరిసిన జుట్టు చూసి, "పిల్లలేరి మేడం?" అని అడిగాడు. నాకే టికెట్టు అన్నాను. అతను నవ్వాడు, నేను నవ్వలేదు. అరవై దాటిన మనిషి బొమ్మల సినిమా చూడాలంటే సాకుగా పక్కన ఒక పసివాణ్ణి కూర్చోబెట్టుకోవాలని ఎవరు నియమం పెట్టారో గాని, మా నాయన పుణ్యమా అని నేను దాన్ని ఏనాడో కాలదన్నాను.

అప్పటికి నేను గరిడేపల్లి బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను. నాయన, బాబాయి మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసేవారు. అమ్మ పోయిన ఏడాది అది. నాయన దినాలన్నీ అయ్యేదాకా కంట తడి పెట్టలేదు సరికదా, ఆ తర్వాత ఎవరైనా అమ్మ మాటెత్తితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఇంట్లో ఆమె ఊసే లేకుండా పోయేసరికి, అమ్మ రెండోసారి చనిపోయినట్టుండేది నాకు.

ఆ చలికాలంలో కోదాడ థియేటర్లో పిల్లలకని పొద్దుటి ఆట వేస్తే మా తరగతిని తీసుకువెళ్ళాను. అంతమందిని రోడ్డు దాటించడం నా ఒక్కదాని వల్ల కాదని నాయననూ బాబాయినీ బతిమాలి వెంటబెట్టుకున్నాను. అదొక కొంగల కథ. గాలివానలో తల్లి కొంగ తిరిగి రాదు. తండ్రి కొంగ పిల్లల్ని రెక్క కిందికి తీసుకొని, ఆమె కూర్చునే చోటు మాత్రం ఖాళీగా వదిలి పడుకుంటుంది. అంతే, నాయన హాలంతా వినబడేలా భోరుమన్నాడు.

బాబాయికి తల కొట్టేసినట్టయింది. "అన్నా, అందరు సూస్తున్రు. పిల్లల బొమ్మలకు ఏడుస్తవా?" అన్నాడు.

"సూడనియ్యి. మీ వదిన పోయిననాడు ఏడ్వలే, ఇయ్యాల ఏడుస్తున్న. ఏమైతది?" అన్నాడు నాయన, గొంతు తగ్గించకుండానే. పక్కనే ఉన్న మా తరగతి పాప, తానూ ఏడుస్తూనే, ఆయన చెయ్యి పట్టుకుంది.

తిరుగు బస్సులో నాయన దారి పొడవునా అమ్మ గురించే చెప్పాడు. కొత్త కాపురంలో మిల్లుకు సద్ది తెచ్చి, ఊక దుమ్ములో అందరూ ఒక్కలాగే కనబడితే ఏం చేయాలో తోచక, మొగుణ్ణి పేరు పెట్టి గట్టిగా పిలిచిందట. అది చెబుతూ నవ్వాడు. బాబాయి కూడా నవ్వాడు.

ఆ తర్వాత అత్తవారింట్లో, స్టాఫ్ రూములో ఎందరు ఎగతాళి చేసినా నేను బొమ్మల సినిమాలు మానలేదు, నాయనా మానలేదు. మనుషులు నటించే సినిమాలో చచ్చిపోయినవాడు మరో సినిమాలో లేచి పాట పాడతాడు. గీసిన కొంగకు మాత్రం ఆ ఒక్క బతుకే. దాన్ని పిల్లల సరదా అని తీసిపారేసేవాళ్ళతో వాదించడానికి నాకింకా ఓపిక ఉంది.

ఇప్పటి బొమ్మలకు ఈకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టత వచ్చింది, సంతోషమే. కాని మా ఇంట్లో నలుగురం కూర్చుంటే నాలుగు ఫోన్లు, చెవుల్లో తలో తీగ. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో పక్కవాళ్ళకు తెలియదు. కోదాడ హాలు చీకట్లో మాత్రం, మా నాయన ఎందుకు ఏడుస్తున్నాడో ఏ పిల్లకూ చెప్పాల్సిన పని లేకపోయింది.