బెల్టు వాసన చూసే చాచా

పరకాలలో ఒక సెకండ్ హ్యాండ్ చిన్న ఎస్‌యూవీ చూడటానికి మా మెకానిక్ చాచాను వెంట తీసుకెళ్లాం. అమ్మేవాడు సన్‌రూఫ్ తెరిచాడు, రివర్స్ కెమెరా చూపించాడు. "ఈ ధరకు ఇన్ని ఫీచర్లు ఎవరిస్తరక్కా?" అన్నాడు. చాచా అవేవీ చూడలేదు, బానెట్ కూడా తెరవలేదు. ఈయనకూ కమీషన్ ముట్టిందేమోనని నాకు అనుమానం.

చాచా వెనక సీటు బెల్టును చివరిదాకా లాగి వాసన చూశాడు.

"ఏంది చాచా, అత్తరు పూసిన అనుకున్నవా?" అమ్మేవాడు నవ్వాడు.

బెల్టు చివర జానెడు మేర బురద మరక ఉంది.

"వరదల మునిగిన బండి బిడ్డా. సీట్లు కడిగిండు, బెల్టు మరిచిండు. నీ పాపను దీంట్ల కూసోపెట్టకు."

తర్వాత చాచా చూసి బాగుందన్న బండే కొన్నాం. అయినా పాపకు బెల్టు పెట్టే ముందు రోజూ చివరిదాకా లాగి వాసన చూస్తాను. ఇప్పుడు పాప కూడా వాసన చూడనిదే పెట్టించుకోదు.