మామ లాగిన్

పదో తరగతి రెండుసార్లు తప్పాక చదువు నన్ను వదిలేసింది. ఫోనులో వీడియోలు చూసి పైథాన్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, పరవాడలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పనికి కుదిరాను. అనకాపల్లి నుంచి కంపెనీ బస్సులో నా పక్క సీటు మామది. చుట్టరికం లేదు, నాకన్నా పాతికేళ్లు పెద్ద, అంతే.

మామ పని ఒకటే. తన కుర్చీలోంచే నలభై సర్వర్లలోకి ఒక్కొక్కటిగా లాగిన్ అయ్యి, ఎందులో ఎంత చోటు మిగిలిందో రిజిస్టరులో రాయాలి. మధ్యాహ్నం దాకా అదే. నలభై పాస్‌వర్డులూ కంఠతా వచ్చు. ఆ నెలాఖరుకి కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా అన్నదే ఆయన బెంగ.

"ఏటి మామా, చెరుకుబండి నీకన్నా ముందెల్లిపోద్ది."

"నవ్వు అల్లుడూ. నీవల్ల అవుద్దేటి?"

ఆ మాట గిల్లింది. వారంలో ఆ పనంతా తనే చేసే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టు, రాశాను. అన్ని చోట్లకీ అదే వెళ్లి, అదే చూసి, అదే రాసుకుంటుంది. పాస్‌వర్డులు కావాలి. అడిగితే మామ ఒక్కటీ తడబడకుండా అప్పజెప్పాడు. మూడోదాంట్లో నేను తప్పు కొడితే సరిదిద్దాడు కూడా.

"దేనికిరా ఇవన్నీ?"

"నీకు రెస్టు ఇద్దారని."

మర్నాడు సూపర్‌వైజరుని పిలిచి, అందరి ముందూ పందెం పెట్టాను. మామ నాలుగో సర్వరులో ఉండగా నాది నలభయ్యోది ముగించింది. గదంతా నవ్వింది. మామ కూడా నవ్వాడు. సూపర్‌వైజరు నవ్వలేదు, రిజిస్టరు వంక చూశాడు. నేను నోరు మూసుకోవలసింది.

"రేపట్నుంచి ఆరింటికల్లా అదే మొదలెట్టేత్తది సార్. దీనికి కుర్చీ కూడా అక్కర్లేదు."

నెలాఖరుకి మామ కాంట్రాక్టు పొడిగించలేదు. స్క్రిప్టు లోపలికి వెళ్లేది ఆయన లాగిన్‌తోనే, అది తీసేస్తే ఆగిపోతుంది కాబట్టి మనిషిని తీసేసి, పేరు ఉంచుకున్నారు.

వారం తర్వాత ఫోను చేశాడు.

"అల్లుడూ, నా లాగిన్ తీసేసేరా?"

"లేదు మామా. రోజూ ఆరింటికే డూటీకి వచ్చేత్తన్నావు. రిపోర్టులో నీ పేరే."

మంచి జోకు వేశాననుకున్నాను.

"ఏడో సర్వరు ఒక్కోసారి మొదటిసారికి తెరుచుకోదు" అన్నాడు మామ. "రెండోసారి కొట్టాల. అది ఎట్టేవా అందులో?"

"లేదు."

"ఎట్టు మరి."

పెట్టాను.