ఏడు సైకిళ్లు, ఒక తాటిదోనె

పున్నారావుకి కోపం రాదని పల్లెపాలెంలో పేరు. ఎంత మంచి పేరండీ! పదకొండేళ్లుగా మడ అడవికి వాచరు. సర్కారు రిజర్వు చేసిన అడవి, పుల్ల విరిచినా నేరమే. తన పాలెం వాళ్లనే తను పట్టుకోవాలి, వాళ్ల చేతే తిట్లు తినాలి. రేంజరు కసిరితే "చిత్తమండీ" అనేవాడు. పాలెం ఆడవాళ్లు దుమ్మెత్తిపోస్తే తలొంచుకుని పోయేవాడు. ఆ ఖాకీ చొక్కా ఇంట్లో నాలుగు కంచాలు నింపుతోంది మరి.

అరవైరెండో సంవత్సరం మాఘమాసంలో అంకమ్మని పట్టుకున్నాడు. అంకమ్మ మొగుడు సముద్రంలో పోయాడు. పోయేముందు తాటిమాను తొలిచి చేసిచ్చిన చిన్న దోనె ఆవిడకున్న ఒకే ఒక్క ఆస్తి. దాంట్లో పాయల్లోకి వెళ్లి పీతలు పట్టి, సంతలో అమ్ముకు బతుకుతుంది. ఆ రోజు దోనెలో పీతలతోపాటు మోపెడు ఎండుపుల్లలున్నాయి. వెనకే రేంజరు ఉన్నాడు కాబట్టి పున్నారావు చూసీ చూడనట్టు ఊరుకోలేకపోయాడు. పుల్లలతోపాటు దోనె కూడా జప్తయింది. పై అధికారి క్యాంపుకొచ్చి విచారించేదాకా అది ఆఫీసు ఆవరణలోనే ఉండాలన్నారు.

"అయ్యగారూ, తాటిదోనె ఎండలో పెడితే పగుల్తుందండీ. కాలవలో ముంచి కట్టేద్దామండీ," అని పున్నారావు చేతులు కట్టుకుని అడిగాడు.

"జప్తుసొత్తు నా కళ్లెదురుగా ఉండాలోయ్. కాలవలో కొట్టుకుపోతే నువ్విస్తావా?"

"చిత్తమండీ."

అంకమ్మ మూడు మైళ్లు నడిచొచ్చి, కాలవలో బిందె ముంచి దోనె తడిపి పోయేది. నాలుగోరోజున రేంజరు ఆవిణ్ణి లోపలికి రానివ్వద్దన్నాడు. గేటు బయట నిలబడే పున్నారావుని కేకేసింది.

"ఒరే, పట్టుకున్నవాడివి నువ్వే. అది పగిలిందంటే నా పొయ్యిలో పిల్లి లేవదు. నువ్వే తడపాలి."

"తడుపుతానత్తా."

మాట నిలబెట్టుకున్నాడు. ఆరు గోనెలు తెచ్చి దోనె మీద పరిచి, రెండు పూటలా నీళ్లు పోశాడు. రెండు నెలలు దోనె వెంట్రుకవాసి కూడా విచ్చలేదు. చైత్రం వచ్చింది, ఎండలు ముదిరాయి.

అప్పుడు దిగారు మహానుభావులు! బందరు నించి ఏడుగురు, ఏడు సైకిళ్ల మీద. ప్రకృతిని చూడ్డానికట! కరకట్ట మీద సైకిళ్లు తొక్కుతారట, సముద్రంలో ఈదుతారట, మడ అడవిలో గుడారం వేసుకుని మూడు రోజులుంటారట. వాళ్ల నాయకుడు ప్లీడరు నరసింహారావు, రేంజరుకి స్వయానా బావమరిది. సైకిలు దిగుతూనే, "బావా, ఈ ఎండకి టైర్లు పగుల్తాయి. ఏదైనా కప్పించు," అన్నాడు.

రేంజరు అటూ ఇటూ చూశాడు. "ఒరేయ్ పున్నారావ్, ఆ గోనెలు తీసి సైకిళ్ల మీద వెయ్యి. బాగా తడుపు."

"అవి దోనె మీదవండీ..."

"దోనెకి టైర్లున్నాయిట్రా?"

ఏడుగురూ విరగబడి నవ్వారు. పున్నారావు గోనెలు తీశాడు. తియ్యకుండా ఉండాల్సింది. తీశాడు. ఆ సాయంత్రమే సైకిళ్లనీ గోనెల్నీ బాబుల్నీ పడవెక్కించుకుని అడవి చివరికి పోవాల్సొచ్చింది. మూడు రోజులూ వాళ్ల దగ్గరే ఉండమని హుకుం.

అక్కడ ఏం చేశారయ్యా అంటే, గుడారం గుంజల కోసం పచ్చి మడకొమ్మలు ఇరవై నరికారు. పున్నారావు గొడ్డలే లాక్కుని నరికారు. ఒక కొమ్మతోపాటు కొంగగూడు బురదలో పడింది. అందులో రెక్కలైనా రాని పిల్లలు మూడు. "అయ్యో పాపం," అంటూ ఒకాయన ఫొటో తీసుకున్నాడు. ఎండుపుల్లలు ఏరుకున్న ముసల్దానికి జప్తు, పచ్చి చెట్టు నరికినవాడికి కాపలా! కంచే చేను మేస్తుందంటారు, ఇక్కడ కంచె దగ్గరుండి మేపుతోంది. పున్నారావు ప్రాణమంతా ఆవరణలో ఎండుతున్న దోనె మీదే ఉంది. తిరిగెళ్దామండీ అని రెండుసార్లు అడిగాడు. ఈత ఇంకా తనివి తీరలేదన్నారు.

నాలుగోరోజు పొద్దున రేవులో అడుగుపెడుతూనే ఆఫీసుకి పరిగెత్తాడు. దోనె ఈ కొస నించి ఆ కొసకి బారుగా విచ్చుకుపోయి ఉంది. పగులులో నాలుగు వేళ్లూ పట్టాయి.

అంతే, పదకొండేళ్ల కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది. దోనెకి కట్టిన గొలుసు ఊడబెరికాడు. సైకిళ్లు ఆవరణలోకి రాగానే ఏడింటినీ దోనె పక్కన ఎండలో నిలబెట్టి, చక్రాల్లోంచి గొలుసు దూర్చి తాళం వేశాడు. చేతికర్రలకి పనికొస్తాయని మడగుంజలు సైకిళ్ల వెనక కట్టుకునే వచ్చారు వాళ్లు. పున్నారావు పంచనామా పుస్తకం తెరిచాడు.

"ఏంట్రా ఇది?" అంటూ రేంజరు బయటికొచ్చాడు.

"జప్తండీ. పచ్చి మడకొమ్మలు, అవి మోసిన సైకిళ్లు ఏడు. దోనె నేరం చేస్తే సైకిలు చెయ్యదా అండీ?"

"మతి పోయిందా? వాళ్లెవరో తెలుసా నీకు?"

"తెలుసండీ. అంకమ్మెవరో మీకు తెలుసా?"

"తాళం తియ్యరా! టైర్లు పగుల్తాయి!"

"పగలనీ!" పున్నారావు అరుపుకి కాలవ అవతల గేదెలు తలెత్తి చూశాయి. "పగలనీ అంటున్నా! మీ టైరు బజార్లో దొరుకుతుంది. ఆ దోనె తొలిచిన మొగుణ్ణి ఎక్కణ్ణించి తెస్తారు?"

నిండా మునిగినవాడికి చలేమిటి! తాళంచెవి కాలవలోకి విసిరేశాడు. చొక్కా విప్పి సైకిలు హ్యాండిలుకి తగిలించి ఇంటిదారి పట్టాడు.

కమ్మరి వచ్చి గొలుసు కోసేసరికి సాయంత్రమైంది. టైర్లకి ఏమీ కాలేదు. పున్నారావు ఉద్యోగం ఊడింది. కాగితాలు పైకి పోతే తన మెడకే చుట్టుకుంటుందని రేంజరు అంకమ్మ మీద కేసు కొట్టేసి, దోనె తీసుకుపొమ్మన్నాడు. పాలెమంతా పున్నారావుని మొనగాడంది.

బండి కట్టించి, దోనెని తనే అంకమ్మ గుమ్మంలో దింపాడు. ఆవిడ పగులులో వేళ్లు పెట్టి ఈ కొస నించి ఆ కొస దాకా నడిచింది.

"రేంజర్ని అంతలేసి మాటలన్నావంట గదరా," అంది.

"అన్నానత్తా." ఒక మంచి మాట అంటుందేమోనని చూశాడు.

"గోనెలు తీసినప్పుడు ఏమైందిరా ఆ నోరు?"

అంకమ్మ లోపలికి వెళ్లి గొడ్డలి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"కొట్టు. పొయ్యిలోకి పుల్లల్లేవు."

పున్నారావు దోనెని ముక్కలు కొట్టాడు.