యాకూబ్ భాయి డీజిల్ అమ్ముకోలేదు

దయ్యాలను గానీ మహిమలను గానీ నేను నమ్మను. ఈ సంగతి జరగక ముందు నమ్మలేదు, జరిగిన తర్వాత కూడా నమ్మలేదు. కొన్నాళ్ళు డ్రైవరుగా చేసి, ఆ తర్వాత కామారెడ్డిలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాణ్ణి. డీజిల్ అందితే ఇంజన్ నడుస్తుంది, అందకపోతే ఆగుతుంది. నాకు తెలిసిందల్లా అదే. అయినా ఒక మధ్యాహ్నం లింగంపేట నుంచి కామారెడ్డి దాకా జరిగింది రాయక తప్పదు. దానివల్ల ఒక మంచి మనిషి దొంగ అయ్యాడు.

ఎనభైల మొదట్లో మాట. నాకు ఇరవై మూడేళ్ళు. కామారెడ్డిలో ఒక ధర్మ కంటి ఆస్పత్రికి పాత వ్యాను ఉండేది. ఎవరో విదేశీ దంపతులు అందులోనే వండుకుని, అందులోనే పడుకుని దేశాలు తిరిగి, వెళ్ళిపోతూ ఆస్పత్రికి ఇచ్చారట. వెనక రెండు పడకలు, గిన్నెలకు చిన్న అర, కిటికీలకు పూల పరదాలు. అసలు ఇంజన్ పాడైతే డీజిల్ ఇంజన్ వేయించారు. నడిపేది యాకూబ్ భాయి. ఎల్లారెడ్డి మనిషి, యాభై ఏళ్ళవాడు. నేను ఆయన కింద రెండో డ్రైవరును.

ఆ బండిలో డీజిల్ ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. ట్యాంకు గొట్టం వంకర, పుల్ల పెట్టి చూడటానికీ వీల్లేదు. అందుకని యాకూబ్ భాయి ఒక పద్ధతి పెట్టాడు. ట్యాంకు నింపితే ఎల్లారెడ్డికి ఐదుసార్లు పోయి రావచ్చు. ఒకసారి పోయి వస్తే డ్రైవరు తలుపు లోపలివైపు సుద్దముక్కతో ఒక గీత. నాలుగు గీతలు కాగానే బంకుకు పోవాలి. ఐదో ట్రిప్పు డీజిల్ ఆపదకని ఉంచాలి. గీత గీయకుండా బండి దిగితే ఆ పూట నాతో మాట్లాడేవాడు కాదు.

ఒక ఆదివారం ఆయన చుట్టాల పెళ్ళికి పోతూ తాళంచెవి నాకిచ్చాడు. "కడిగిపెట్టు బేటా. ఎటూ కదిలియ్యకు" అన్నాడు.

కడిగాను. తర్వాత స్నేహితులను ఎక్కించుకుని మాచారెడ్డిలో దావత్‌కు పోయాను. ఆ ఊపులో ఇంకో రెండు ఊళ్ళు తిరిగాం. మొత్తం ఒకటిన్నర ట్రిప్పుల దూరం. తలుపు మీద అప్పటికి మూడు గీతలున్నాయి. నాలుగోది గీస్తే దొరికిపోతాను. గీయలేదు. పొద్దున్నే డబ్బాతో డీజిల్ తెచ్చి పోద్దామనుకున్నాను. నేను లేచేసరికి యాకూబ్ భాయి తాళంచెవి కోసం వచ్చి తలుపు కొడుతున్నాడు.

సోమవారం ఎల్లారెడ్డిలో కంటి క్యాంపు. అక్కడికి చేరేసరికి నా లెక్క ప్రకారం ట్యాంకులో దాదాపు ఏమీ లేదు. ఏదో వంక పెట్టి సాయంత్రంలోగా అక్కడి బంకు నుంచి డీజిల్ తెద్దామని చూస్తున్నాను. రెండు గంటలకు ఒక ముసలావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. కోడలికి తెల్లవారుజాము నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే కామారెడ్డి తీసుకుపొమ్మని అక్కడి డాక్టరు చెప్పాడు. మనిషిని పడుకోబెట్టే బండి ఊళ్ళో మాదొక్కటే.

"డీజిల్ సరిపోతదా?" అని మా మేనేజరు అడిగాడు.

యాకూబ్ భాయి తలుపు తెరిచి చూశాడు. "మూడే గీతలు సార్. ఇది పోంగ ఇంకో ట్రిప్పుకు మిగుల్తది."

నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట అంటే ఐదు నిమిషాల్లో డబ్బా నింపుకునేవాళ్ళం. మేనేజరు ఎదురుగా నోరు పెగల్లేదు. ఉద్యోగం పోతుందని భయం. బండి కదిలాక చెప్పడం ఇంకా కష్టమైంది. ప్రతి మలుపులోనూ ఇక్కడ చెబుదాం, ఇక్కడ చెబుదాం అనుకుంటూ కూర్చున్నాను.

లింగంపేట దాటాక ఇంజన్ మూడుసార్లు దగ్గింది. వెనక నుంచి ముసలావిడ, "ఆపకు కొడుకా, పిల్ల ఓపుతలేదు" అని అరిచింది.

బండి ఆగలేదు. దగ్గు పోయి మెత్తగా సాగింది.

ఆ తర్వాత నేను చూసినవి చూసినట్టు రాస్తున్నాను. ఆ బండి ఎప్పుడూ నల్లటి పొగ వదిలేది. అద్దంలో చూస్తే వెనక రోడ్డు శుభ్రంగా ఉంది. అరలో స్టీలు గ్లాసులు ఎప్పుడూ గలగలమనేవి. అవి ఊరుకున్నాయి. డీజిల్ వాసన లేదు. ఇంజన్ మోతకు ఎన్నడూ వినపడని చప్పుళ్ళు, ఆ అమ్మాయి మూలుగు, గాజులు, అన్నీ నా చెవి పక్కనే వినపడుతున్నాయి.

"ఏందిరా శంకర్, ఇయ్యాల గింత మెత్తగ పోతున్నది?" అన్నాడు యాకూబ్ భాయి.

"గిట్లనే ఉరికియ్యి కొడుకా. మనుమడైతే నీ పేరే పెడ్త" అంది ముసలావిడ.

"మనుమరాలైతే ఏం జేస్తవ్ అవ్వా?"

"నీ పెండ్లాం పేరు పెడ్త. నువ్వు ముందల జూసి నడుపు!"

వాళ్ళు నవ్వారు. నేను మాత్రం, బండి ఆగుతుందేమోనని ఎంత భయపడ్డానో, ఆగకపోవడం చూసి అంతకంటే ఎక్కువ భయపడ్డాను. తాడ్వాయి దాటింది. కామారెడ్డి వచ్చింది. అమ్మాయికి ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా బతికారు. యాకూబ్ భాయి బండిని షెడ్డులో పెట్టి, తానే ఇంజన్ ఆపి, నాలుగో గీత గీసి దిగాడు.

తెల్లారి బండి స్టార్ట్ కాలేదు. మెకానిక్ కింద దూరి ట్యాంకు అడుగు నట్టు విప్పాడు. చుక్క పడలేదు. వేలు పెట్టి తుడిస్తే ఎండిన మట్టి వచ్చింది. పైపుల నిండా గాలి.

"ఇది నిన్న నడిచిందా? నాతోని మజాక్ చేస్తున్నరా?" అన్నాడు.

మేనేజరు గీతలు లెక్కపెట్టాడు. ఒక ట్రిప్పు డీజిల్ ఉండాలి, లేదు. రాత్రి తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగాడు.

"నా తాననే" అన్నాడు యాకూబ్ భాయి.

"ఆదివారం?"

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. "నా తాననే సార్."

నేను నేల చూశాను. మధ్యాహ్నానికల్లా ఆయన్ని తీసేశారు. డీజిల్ అమ్ముకున్నాడని చెప్పుకున్నారు. ఆయన సీట్లో నన్ను కూర్చోబెట్టారు, నేను కూర్చున్నాను.

తర్వాత ఒకసారి డబ్బా డీజిల్ వెంట పెట్టుకుని, నిండు ట్యాంకుతో ఆ బండిని ఆగేదాకా నడిపి చూశాను. ఐదు ట్రిప్పుల మీద పది పన్నెండు కిలోమీటర్లు పోయి, దగ్గి, ఆగిపోయింది. ఎంత తోసినా ఇంజన్ పలకలేదు. అంటే ఆ రోజు లింగంపేట దాటాక ఆగి ఉండాల్సిందే.

యాకూబ్ భాయి కిరాయికి ట్రాక్టర్లు నడిపి బతికాడు. మూడేళ్ళ కింద పోయాడు. మొన్న ఎల్లారెడ్డి పోయి ఆయన భార్యకు మొత్తం చెప్పాను. ఆమె బీడీలు చుడుతూ వింది. పొగ లేని సంగతీ, ఎండిన ట్యాంకు సంగతీ నేను చాలాసేపు చెప్పాను. ఆమె చేతిలో ఆకు పక్కన పెట్టింది.

"బండి ఎట్ల నడిచిందో అల్లాకు ఎర్క. నువ్వెందుకు నోరు దెరువలేదో నీకెర్క. అది జెప్పు. నాకు గాదు, ఆయన్ని దొంగ అన్నోళ్ళకు జెప్పు."

ఆ అన్నవాళ్ళు ఇప్పుడు తలా ఒక చోట ఉన్నారు. అందుకని రాస్తున్నాను. యాకూబ్ భాయి చుక్క డీజిల్ ముట్టలేదు. మాచారెడ్డి పోయింది నేను. ఆ ఇరవై పైచిలుకు కిలోమీటర్లు బండి దేనితో నడిచిందో, ఇన్నేళ్ళుగా ఇంజన్లు విప్పుతున్నా నాకు తెలియలేదు. మేనేజరు ఆ రోజు నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉన్నా నేను అబద్ధమే చెప్పేవాణ్ణి.