ఎవరండీ గారు

ఎవరండీ గారికి లోకంలో ఒక్క మనిషి మీదా నమ్మకం లేదు. ఎన్నేళ్ల పరిచయమైనా సరే, ఎదురుగా ఎవరు నిలబడ్డా "ఎవరండీ మీరు?" అని అడగందే ఆయన పని మొదలుపెట్టరు. ఆఫీసులో ఏ కంప్యూటర్లోకి ఎవరు వెళ్లొచ్చో తేల్చే ఉద్యోగం ఆయనది, కాబట్టి అడిగే హక్కు ఉంది. అసలు పేరు మాత్రం అందరూ ఎప్పుడో మరిచిపోయారు.

ఆయన కూర్చునేది సర్వర్ల గదిలో. తలుపు కొట్టినవాళ్లు "నేనేనండీ" అంటే ఒప్పుకోరు. "అందరూ నేనే అంటారండీ" అంటారు. మెడలోని కార్డు చూపిస్తే, కార్డు ఎవరిదో తెలిసింది గానీ వేసుకున్నదెవరో తెలియలేదంటారు. ముందు ఫోన్ గుమ్మం దగ్గరి బుట్టలో వేయించి, తర్వాత తలుపు సందులోంచి విచారణ మొదలుపెడతారు. పాప ఏ పాట పాడితే ఏడుపు ఆపుతుంది, నిన్న ఎందుకంత నీరసంగా ఉన్నారు, ఇలాంటివి. జవాబు కుదిరితేనే తలుపు తెరుచుకుంటుంది.

ఇంట్లోనూ ఇదే వరస. భార్య ఫోన్ చేసినా ఆమే భార్య అని రుజువు కావాలి. ఆవిడ మొదట్లో ఓపికగా పెళ్లినాటి సంగతులు చెప్పేదట. తర్వాత విసుగొచ్చి తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు రెండు వాక్యాలు వినగానే ఆయన ముఖం విప్పారుతుంది. "ఆఁ, నువ్వే. చెప్పు" అంటారు.

ఈ మనిషి చేతిలో తన ఉద్యోగం పడుతుందని రిపోర్టులమ్మాయి కలలో కూడా అనుకోలేదు. కంపెనీ లెక్కలన్నీ రిపోర్టులుగా తయారుచేసి పంపే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాని పని చూసుకునేది ఆమె. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంట్లో అమ్మా, తమ్ముడూ ఆమె జీతం మీదే ఉన్నారు.

ఆ పొద్దున ఆమె పాస్‌వర్డ్ మరిచిపోయి ఎవరండీ గారి తలుపు కొట్టింది. ఫోన్ బుట్టలో వేసింది. అమ్మకు ఏ మోకాలు నొప్పి, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అన్న దగ్గర విచారణ సాగుతుండగా ఆఫీసంతా ఫోన్లు గణగణలాడాయి. మేనేజరు ఒక్కొక్కరి గురించి రహస్యంగా రాసుకున్న అభిప్రాయాలు రిపోర్టుగా మారి అందరికీ వెళ్లిపోయాయి. పంపినవారి పేరు దగ్గర రిపోర్టులమ్మాయి పేరుంది.

ఆమె తన సీటుకు తిరిగొచ్చేసరికి అక్కడ అల్లకల్లోలంగా ఉంది. అకౌంటెంట్ గురించి "నిద్రలో పనిచేస్తాడేమో, మెలకువలో చేయగా చూడలేదు" అని ఉంది. ఎవరండీ గారి గురించి "యంత్రాలకు పనికొస్తాడు, మనుషులకు పనికిరాడు" అని ఉంది. కొందరు ఆమెను కొరకొరా చూశారు. ఇంకొందరు చాటుగా మెచ్చుకున్నారు. ఆమె ఆ రిపోర్టును మళ్లీ మళ్లీ తెరిచి చూసింది. తను పంపలేదు. పేరు మాత్రం తనదే.

ఈలోగా ఎవరండీ గారు ఆ సాఫ్ట్‌వేర్ ఆపేశారు. దానిలో లోపం ఉందని అది తయారుచేసిన కంపెనీ నుంచి అప్పుడే హెచ్చరిక వచ్చింది. ఆయన వాళ్లకు ఫోన్ చేస్తే అవతలి మనిషి, ముందు మీరెవరో రుజువు చేయమన్నాడు. ఎవరండీ గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. ఇన్నాళ్లకు ఒక పద్ధతి గల మనిషి దొరికాడు. అడిగినవన్నీ చెప్పి, ఇక మీరెవరో మీరు చెప్పండి అన్నారు. అతనూ గట్టివాడే. ఒకరినొకరు నమ్మకుండా ఇద్దరూ చాలాసేపు హాయిగా మాట్లాడుకున్నారు. సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో గుర్తొచ్చింది.

మేనేజరు గదిలో పంచాయతీ పెట్టారు. ఎవరండీ గారు జరిగింది వివరించారు. ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ సాఫ్ట్‌వేర్‌కు తలుపు ఉందా?" అన్నాడు మేనేజరు.

"ఉందండీ."

"తాళం?"

"అదీ ఉందండీ. పక్కన ఇంకో చిన్న దారి ఉంది. అక్కడ పేరు చెబితే చాలు, పాస్‌వర్డ్ అడగకుండా రానిచ్చేస్తోంది. ఎవరు ఎవరి పేరైనా చెప్పొచ్చు." తన ఆఫీసులో, తన కళ్ల ముందే, ఎవరండీ అని అడగని వస్తువు ఒకటుందని ఆయనకు తల కొట్టేసినట్టయింది.

అలాంటి దారి ఉన్నంత మాత్రాన ఈ అమ్మాయి పంపలేదని ఎలా అనుకోవాలని మేనేజరు పట్టుబట్టాడు. సరిగ్గా ఫోన్లు మోగిన నిమిషంలోనే ఎవరో కూర్చుని ఆ రిపోర్టు పంపినట్టు సాఫ్ట్‌వేర్‌లో నమోదై ఉంది. ఆ నిమిషంలో తను సర్వర్ల గది గుమ్మంలో, ఫోన్ కూడా లేకుండా నిలబడి ఉన్నానని రిపోర్టులమ్మాయి చెప్పింది. చూసిందెవరు? ఎవరండీ గారు ఒక్కరే. ఆ మాటతో గదిలో అందరూ నీరుకారిపోయారు. కట్టుకున్న భార్యనే ఒప్పుకోని మనిషి ఈమెను ఒప్పుకుంటాడా?

"మీ గుమ్మంలో ఉన్నది ఈ అమ్మాయేనా?" అన్నాడు మేనేజరు.

ఎవరండీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని ఆమెను తేరిపార చూశారు.

"కార్డు నేను చూడలేదండీ. కార్డు ఎవరైనా వేసుకోవచ్చు" అన్నారాయన. "తలుపు కొట్టి, కొట్టినందుకు ఆ తలుపుకే సారీ చెప్పింది. ఈ ఆఫీసులో అలా చెప్పేది ఒక్కరే. వాళ్లమ్మగారికి ఎడమ మోకాలు, మెట్లు దిగేటప్పుడు నొప్పి. తమ్ముడు పరీక్ష తప్పిన వారం అడిగిందానికి అవునూ కాదూ తప్ప ఇంకో మాట లేదు. పేరు కొట్టేయొచ్చు గానీ, ఇదంతా ఎలా కొట్టేస్తారండీ? ఈమే. నాకు బాగా తెలుసు."

ఆయన నోట తెలుసు అన్న మాట ఆ ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ విని ఎరగరు. అకౌంటెంటుకు నిద్రమత్తు వదిలిపోయింది. రిపోర్టులమ్మాయికి ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. రోజూ తనను అంతగా విసిగించిన మనిషి తను చెప్పిన ప్రతి ముక్కా మనసులో పెట్టుకున్నాడని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆమె జోలికి ఎవరూ వెళ్లొద్దని మేనేజరు అక్కడే తేల్చేశాడు. అసలు పంపిందెవరో మాత్రం తేలలేదు.

అందరూ లేచారు గానీ మేనేజరు కదల్లేదు. కాసేపు బల్ల మీద వేలితో గీతలు గీసి, "మరి నా సంగతి ఏమిటండీ? నేను నేనే అని మీకు తెలుసా?" అని అడిగాడు.

"మీరెప్పుడూ మా తలుపు దాకా రాలేదు కదండీ" అన్నారు ఎవరండీ గారు. అందులో నిష్ఠూరమేమీ లేదు.

మర్నాడు రిపోర్టులమ్మాయి అటుగా వెళ్తుంటే సర్వర్ల గది ముందు మేనేజరు నిలబడి ఉన్నాడు. ఫోన్ బుట్టలో ఉంది. తను మేనేజర్నని చెబుతున్నాడు. అది కుర్చీ పేరండీ, మీరెవరో చెప్పండి అంటోంది లోపలి గొంతు. మేనేజరు ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి చూడబోయి మానేసి, తలుపు సందుకు నోరు దగ్గరగా పెట్టాడు.

"మా అమ్మ నన్ను బుజ్జిపండు అని పిలుస్తుందండీ" అన్నాడు.

రిపోర్టులమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లిపోయింది.