చనిపోయినవాళ్ళకు ఒక పళ్ళెం

మొన్న సాయంత్రం పొయ్యి మీద టర్నిప్ ముక్కలు వేసి మరిచిపోయాను. ఫోను మాట్లాడి వచ్చేసరికి కూర అడుగంటి, వంటిల్లంతా వాసన నిండిపోయింది. పచ్చి దుంప తీపీ, మాడిన చేదూ కలిసిన వాసన. కిటికీ తెరవబోయి ఆగిపోయాను. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పామర్‌స్టన్ నార్త్‌లో మా పక్కింటి మోరీన్ ఆంటీ టర్నిప్ దుంపను తొలిచి, లోపల కొవ్వొత్తి వెలిగించినప్పుడు పైమూత కాలి సరిగ్గా ఇదే వాసన వచ్చేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఈ వాసన తగిలితే నాకు ముందు భయం వేస్తుంది, ఆ తర్వాతే ఆమె గుర్తొస్తుంది.

మేము ఆస్ట్రేలియా పక్క దీవుల్లో ఉన్న ఆ ఊరు వెళ్ళింది రెండువేల రెండులో. నా భర్త దానియేలు అక్కడి యూనివర్సిటీలో చదివి, ఒక పాలపొడి ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. నేను ఇండియాలో నర్సునే అయినా అక్కడ రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ముసలివాళ్ళ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేసేదాన్ని. మా చెక్క ఇంటికీ ఆమె చెక్క ఇంటికీ మధ్య నడుమెత్తు కంచె మాత్రమే అడ్డం. మోరీన్ ఆంటీ ఐర్లండు పడమటి తీరంలో పుట్టి, పెళ్ళికి ముందే ఓడెక్కి వచ్చి, ఆడపిల్లల బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాడు, పిల్లలు ఆస్ట్రేలియాలో ఉండేవారు. పొడుగ్గా, కొంచెం వంగి, భర్త వదిలివెళ్ళిన గంబూట్లు వేసుకుని తోటలో తిరిగేది. నేను మొదటిసారి ‘ఆంటీ’ అని పిలిచినప్పుడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. నా పేరు సలోమి. ఆమె నోట్లో అది సాలీ అయింది. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే అయినా నాకు ఆమె మాటలన్నీ తెలుగులోనే గుర్తుండిపోయాయి. అందుకే అలాగే రాస్తున్నాను.

మరుసటి ఏడు జూలైలో, అక్కడి చలికాలంలో, ఎనిమిదో నెల నిండకుండానే, మా మొదటి బాబు కడుపులోనే పోయాడు. పురుడు వచ్చింది గాని ఏడుపు రాలేదు. నర్సు తెల్లటి గుడ్డలో చుట్టి చూపిస్తే ఒక్కసారి చూసి కళ్ళు మూసుకున్నాను. దానియేలూ, మా తెలుగు ప్రార్థన కూటం నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్ళూ తీసుకెళ్ళి ఊరి శివార్లలోని శ్మశానంలో పెట్టి వచ్చారు. నేను ఆసుపత్రి మంచం మీదే ఉన్నాను. పేరు లేదు, జ్ఞానస్నానం లేదు.

మాది మచిలీపట్నం దగ్గర పల్లె, కతోలికుల ఇల్లు. ఏటా నవంబరు రెండున సమాధుల పండుగకి మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకెళ్ళేది. సమాధులన్నిటికీ సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు. కానీ శ్మశానం గోడ అవతల, తుమ్మచెట్ల కింద, సిలువ లేని చిన్న చిన్న మట్టిదిబ్బలు ఉండేవి. వాటి మీద దీపం ఉండేది కాదు. ఒకసారి అవేమిటని అడిగితే నాయనమ్మ నా చెయ్యి పట్టి లాగేసింది. “అటు చూడకే. నీళ్ళు పడకుండా పోయిన పసికందులు. వాళ్ళకి లోపలికి దారి లేదు. దారి కోసం ఎవరో ఒకర్ని పట్టుకుంటారు” అంది. నా బిడ్డ పోయిన వారానికి మా పెద్దమ్మ ఫోను చేసి ఏడ్చింది. ఏడ్చి, చివర్లో గొంతు తగ్గించింది. “జ్ఞానస్నానం లేని బిడ్డ కదమ్మా. తల్లిని వెతుక్కుంటాడు. వీలైతే ఇల్లు మారండి.” ఆవిడ నా మంచి కోరే చెప్పింది. కానీ ఆ మాట నాలో దిగిపోయింది.

పామర్‌స్టన్ నార్త్ చదునైన ఊరు. కొండ మీది గాలిమరలను తిప్పే గాలే మా ఇంటి నేలచెక్కల కిందా దూరేది. పొగగొట్టంలోంచి సన్నగా, ఆకలేసిన బిడ్డ రాగం తీసినట్టు వినిపించేది. నేను పనికి వెళ్ళడం మానేశాను. పట్టపగలే కర్టెన్లు వేసుకునేదాన్ని. బాబు కోసం రంగు వేయించిన గది వసారా చివర ఉండేది. ఆ తలుపుకి వీపు పెట్టి ఒక్క క్షణం కూడా నిలబడలేకపోయేదాన్ని. దానియేలుతో చెబితే “గాలి అది, సలోమీ” అనేవాడు. అంటూనే తనూ అటు చూసేవాడు.

అక్టోబరు చివరి రోజు. అక్కడ అది వసంతం. సాయంత్రం అయినా ఎండ ఇంకా తెల్లగా ఉంది. దానియేలు షిఫ్టులో ఉన్నాడు. తలుపు మీద చప్పుడైంది. బరువైన చప్పుడు కాదు, కిందివైపు, మోకాలెత్తులో, చిన్న వేళ్ళతో కొట్టినట్టు. తీశాను. గుమ్మంలో తెల్ల దుప్పటి కప్పుకుని, కళ్ళ దగ్గర రెండు చిల్లులతో, మూడేళ్ళుంటాయో ఉండవో, ఒక బిడ్డ నిలబడి ఉన్నాడు. నా వైపు రెండు చేతులూ చాచాడు.

నేను అరిచిన అరుపు నాకే గుర్తులేదు. తలుపు విసురుగా వేసి, గొళ్ళెం పెట్టి, బాత్రూములోకి పోయి టబ్బు పక్కన కూలబడ్డాను. బయట ఆ బిడ్డ ఏడుపు, వాళ్ళ అమ్మ సముదాయింపు వినపడ్డాయి. అవి నిజంగా బయటి నుంచే వస్తున్నాయని నమ్మడానికి నాకు ధైర్యం చాలలేదు. కాసేపటికి వెనక తలుపు తోసుకుని మోరీన్ ఆంటీ వచ్చింది. నన్ను లేవమనలేదు. గంబూట్లతోనే నా పక్కన నేల మీద కూర్చుంది.

“మిఠాయి అడగడానికొచ్చిన పిల్లలు, సాలీ. హాలోవీన్ ఇవాళ” అంది.

“సాతాను పండుగని మా కూటంలో అంటారు.”

“చలికి భయపడినవాళ్ళ పండుగ అది” అంది. “క్రీస్తు పేరు మా దీవికి చేరకముందే ఉంది. సావిన్ అనేవాళ్ళు. వేసవి ముగిసి పశువుల్ని కొండ మీంచి దింపే రోజు. మంటలు వేసేవాళ్ళు. ఆ సాయంత్రం బతికినవాళ్ళకీ పోయినవాళ్ళకీ మధ్య తలుపు తెరుచుకుంటుందని నమ్మకం. పోయినవాళ్ళు ఆకలితో వస్తారని భయం. అందుకని అన్నం పెట్టేవాళ్ళు. తర్వాత చర్చి వచ్చింది. పాత పండుగను మాన్పించలేకపోయిందో, మాన్పించాలనుకోలేదో, చదువుకున్నవాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మొత్తానికి నవంబరు ఒకటిన పునీతుల పండుగ, రెండున ఆత్మల పండుగ వచ్చి దాని పక్కన కూర్చున్నాయి. హాలోవీన్ అంటే పునీతుల పండుగకి ముందు సాయంత్రం అని. అంతే.”

“నవంబరు రెండు మాకూ ఉంది” అన్నాను. సున్నం వేసిన సమాధుల గురించి చెప్పాను. చెబుతూ చెబుతూ గోడ అవతలి దిబ్బల దాకా వచ్చాను. మోరీన్ ఆంటీ ముఖం మారిపోయింది.

“మీకూ గోడ ఉందా?” అంది, చాలా మెల్లగా. తర్వాత అడిగింది, “మీ బాబు పేరేంటి?”

“పెట్టలేదు.”

ఆమె నా చెయ్యి పట్టుకుంది. వెళ్ళేముందు, “గొర్రెపిల్లలు పుట్టే కాలంలో ఈ పండుగేంటి, చోద్యం కాకపోతే. నేను ఏప్రిల్ చివర చేసుకుంటాను, ఇక్కడ నిజంగా ఆకులు రాలేటప్పుడు. మీరిద్దరూ భోజనానికి రండి” అంది.

ఫిబ్రవరిలో నాకు మళ్ళీ నెల తప్పింది. సంతోషం ఒక పూట కూడా నిలవలేదు. మొదటివాడు దారి కోసం వెతుకుతున్నాడనీ, ఈ బిడ్డ చెయ్యి పట్టుకుంటాడనీ నాకు గట్టిగా అనిపించేది. తిన్నది ఇమడలేదు. మిడ్‌వైఫ్ బిడ్డ గుండె చప్పుడు వినిపించినప్పుడు కూడా, వినేది ఎవరి గుండెనో అని చెవులు మూసుకున్నాను. ఏప్రిల్ వచ్చింది. వీధి చివరి ఓక్ చెట్లు ఎర్రబడ్డాయి. మోరీన్ ఆంటీ కంచె మీంచి గుర్తుచేసింది.

“మనకొద్దు సలోమీ” అన్నాడు దానియేలు. “ఆవిడ మంచిదే. కానీ దయ్యాలకి ప్లేట్లు పెట్టడమేంటి? కూటంలో తెలిస్తే ఏమంటారు? ఈసారైనా సేఫ్‌గా ఉండాలి కదా.”

“కర్టెన్లు వేసుకుని కూర్చుంటే సేఫా? నేను వెళ్తాను.”

నన్ను ఒంటరిగా పంపలేక తనూ వచ్చాడు. నేను కోడికూర వండి తీసుకెళ్ళాను.

పొద్దు వాలుతోంది. కిటికీలో టర్నిప్ దుంప పెట్టి ఉంది. కళ్ళు, పళ్ళు చెక్కి, లోపల దీపం పెడితే ముడతలు పడ్డ ముసలి తలలా ఉంది. దాన్ని చూడగానే వెనక్కి తిరిగిపోవాలనిపించింది. బల్ల మీద ముగ్గురికి నాలుగు పళ్ళేలు. ఖాళీ కుర్చీ నాకు ఎదురుగా పడింది. మెదిపిన బంగాళదుంపలో క్యాబేజీ కలిపి వడ్డించింది ఆంటీ. నాలుగో పళ్ళెంలోనూ వడ్డించింది. పొగగొట్టంలో గాలి మొదలైంది. దానియేలు తల వంచుకుని లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాడని నాకు తెలుస్తోంది.

“నేను బడికి పోయే వయసులో మా అమ్మకి మగపిల్లాడు పుట్టి, పుడుతూనే పోయాడు” అంది మోరీన్ ఆంటీ. “జ్ఞానస్నానం లేదని ఫాదర్ శ్మశానంలో చోటివ్వలేదు. మా పొలం అవతల గుండ్రటి మట్టిగట్టు ఒకటి ఉండేది. క్రీస్తుకి ముందు కాలం నాటిదని ఊళ్ళో అనేవాళ్ళు. పగలు కూడా ఎవరూ అటు పోయేవాళ్ళు కాదు. అలాంటి పిల్లల్ని అక్కడ పూడ్చేవాళ్ళు. చర్చి వద్దన్నవాళ్ళని పాత దేవుళ్ళ దగ్గర వదిలేసేవాళ్ళు, సాలీ. మా నాన్న చిన్న పెట్టెను కోటు కింద దాచుకుని వెళ్ళడం నేను కిటికీలోంచి చూశాను.”

కొవ్వొత్తి మంట పక్కకి వాలి, మళ్ళీ నిలబడింది.

“ఆ ఏడు సావిన్ సాయంత్రం అమ్మ టర్నిప్ దీపం ఆ గట్టు వైపున్న కిటికీలో పెట్టింది. పొయ్యి పక్కన కప్పులో పాలు పెట్టింది. ‘వాడు వస్తే ఎలాగమ్మా’ అన్నాను. ‘వాడికి మన ఇల్లు తెలీదు కదే, దీపం లేకపోతే ఎలా వస్తాడు’ అంది. ఆ మాటకి నాకు అమ్మంటేనే భయం వేసింది. నాకు పిల్లలు పుట్టాక గాని ఆమె అన్నదేమిటో నాకు తెలియలేదు.”

దానియేలు చెంచా కింద పెట్టాడు.

“నేను పెట్టాను” అన్నాడు తెలుగులో. నాకు అర్థం కాలేదు. “పేరు. మట్టి వేసేముందు. వాళ్ళిద్దర్నీ కొంచెం అవతలికి వెళ్ళమని, పెట్టె మీద చెయ్యి పెట్టి యోసేపూ అని పిలిచాను. నీకు చెబితే తట్టుకోలేవేమోనని భయమేసింది. రోజూ చెబుదామనుకున్నాను.” అప్పటిదాకా ఏడవని మనిషి బల్ల మీద తలపెట్టి ఏడ్చాడు.

అతను అన్నది ఆంటీకి ఇంగ్లీషులో చెప్పాను. ఆ పేరు నా నోటితో పలకడం అదే మొదలు. ఆమె లేచి, చిన్న కప్పూ వేడి పాలూ తెచ్చి దానియేలు ముందు పెట్టింది. అతను పాలు పోసి, ఖాళీ కుర్చీ ముందుకి జరిపాడు. ఆ కుర్చీ వైపు చూడాలంటే భయం. అయినా చూశాను. తలుపు దానంతటది తెరుచుకోలేదు, దీపం ఆరలేదు. పాల మీద సన్నటి మీగడ కట్టింది.

ఆ వారాంతం పగటిపూట శ్మశానానికి వెళ్ళాం. మోరీన్ ఆంటీ గేటు దగ్గరే ఆగిపోయింది. పిల్లల సమాధులున్న వరసలో రంగురంగుల ప్లాస్టిక్ గాలిమరలు తిరుగుతున్నాయి. అక్కడికి దానియేలు చెయ్యి పట్టుకుని నడిచాను. మట్టిని అప్పటికే గడ్డి కప్పేసింది. ఆ శ్మశానానికి గోడ లేదు. గోధుమరంగు గొర్రెలు మేసే పొలం దాకా చదునుగా గడ్డే. నేను గట్టిగా పిలవలేకపోయాను. పెదవులు కదిపానంతే. వాడు కోపంగా ఉన్నాడని అంతదాకా అనుకున్నాను. ఆ చిన్న చోటుని చూశాక అలా అనుకోవడం నాకు చేతకాలేదు.

అక్టోబరు వసంతంలో మా అమ్మాయి పుట్టింది. పుడుతూనే గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు ఎక్కడ ఆగిపోతుందోనని వణికిపోయాను. మూడో రోజుకి గాని నాకు నిద్ర పట్టలేదు. ఆ భయంలో ఆసుపత్రి బయట కుర్చీలో మోరీన్ ఆంటీ కూర్చుని ఉందని తెలియడమే నాకు ఊపిరి.

తర్వాత ఐదేళ్ళకి ఆమె పోయింది. ఆకులు రాలే కాలమే. పిల్లలు ఆస్ట్రేలియా నుంచి వచ్చేదాకా ఆమెను ఇంట్లోనే ఉంచారు. తమ ఊళ్ళో శవాన్ని ఒంటరిగా వదలరని ఆమె ఎప్పుడో చెప్పింది. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా ఆ గదిలో నేనొక్కదాన్నే కూర్చున్నాను. నర్సునైనా, శవం దగ్గర ఒంటరిగా ఉండాల్సి వస్తే పారిపోయేదాన్ని. ఆ రోజూ పారిపోవాలనే ఉంది. కుర్చీని మంచానికి ఇంకొంచెం దగ్గరగా జరుపుకుని, ఆమె దుప్పటి సరిచేసి, మా బాబు సంగతులు, పాప సంగతులు చెబుతూ కూర్చున్నాను.

ఏటా ఏప్రిల్ చివర మా బల్ల మీద ఇప్పుడు రెండు పళ్ళేలు ఎక్కువ ఉంటాయి. మా కూటంలో కొందరు మాతో మాట్లాడడం తగ్గించారు. వాళ్ళ భయం నాకు తెలుసు కనుక వాళ్ళ మీద నాకు కోపం రాదు. మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. క్రితంసారి కప్పులో పాలు పోస్తూ నా ముఖం చూసి అడిగింది, “అమ్మా, ఆర్ యూ స్కేర్డ్?”

“అవునమ్మా” అన్నాను.

“బికాజ్ దే మైట్ కమ్?”

“రారేమోనని” అన్నాను.