నాలుగు టాపులైన నాయనమ్మ గౌను

ఆ రోజుల్లో మా ఇంట్లో బట్ట అంత తేలిగ్గా చచ్చేది కాదు. నాన్న పంచె అంచు చిరిగితే తలగడ గలీబయ్యేది, గలీబు చిరిగితే వంటింట్లో మసిగుడ్డ అయ్యేది, ఆ తర్వాత లాంతరు గ్లాసు తుడిచే పీలికగా మరో రెండేళ్ళు గడిపేది. ఇప్పుడు మా మేనకోడలు ఎక్కడెక్కడివో వాడేసిన బట్టలు కొనుక్కొచ్చి, కత్తిరించి, టాపులు కుట్టుకుని, ఆ కుట్టడమంతా ఫోన్లో వీడియో తీసి నాకు చూపిస్తుంటుంది. "ఇది కొత్త ఐడియా అత్తా, మీ కాలంలో ఇలాంటివి లేవుగా" అంటుంది. లేవులే అంటాను. పందొమ్మిదేళ్ళ వయసులో సరిగ్గా ఇదే పని చేసి, ఈస్టర్ తెల్లవారుజామున మా ఊరి సమాధుల తోటలో ఆరాధన మధ్యలో ఆపేయించానని దానికి ఇంతవరకూ చెప్పలేదు. పెద్దదాన్నన్న మర్యాద కొంచెం మిగుల్చుకోవాలి కదా. మీ దగ్గర ఆ బెంగ లేదు కాబట్టి చెబుతున్నాను.

మాది గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య, ఎటు చూసినా పత్తి చేలు, మిరప చేలు ఉండే ఊరు. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నేను ఇంటర్ తప్పి (ఒకసారి కాదు, రెండుసార్లు; రెండోసారికి మా నాన్న తిట్టడం కూడా మానేశాడు), మిషన్ కాంపౌండులో కుట్టు క్లాసులో చేరాను. ఆ కాంపౌండుకి ఏడాదికోసారి విదేశాల చర్చీల నుంచి వాడిన బట్టలు వచ్చేవి. పత్తి బేళ్ళకి వేసినట్టే ఇనప పట్టీలు వేసి, గోనెపట్టాలో కుక్కి పంపేవారు. పట్టీ కోయగానే బట్టలు పొంగి బయటికొచ్చేవి. పంపినవాళ్ళ మనసు మంచిదే కానీ, మా ఎండల సంగతి వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. మోకాళ్ళు దాటే ఉన్ని కోట్లు, చెవులు మూసే టోపీలు, చేతికి తొడుక్కునే సంచుల్లాంటివీ వచ్చేవి. కోట్లు మాత్రం మిరప కళ్ళాలకి కాపలా పడుకునేవాళ్ళు పట్టుకుపోయేవారు. ఆడవాళ్ళ గౌన్లని మాత్రం ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఒక్కో గౌనులో మా వాళ్ళు ఇద్దరు పట్టేవారు. చివరికి అవి చర్చి వరండాలో కుప్పగా పడి ఉండేవి, ఎంతో కొంత చందా వేసి తీసుకోమనేవారు.

ఆ కుప్పలో నాకు నా భవిష్యత్తు కనబడింది. అప్పుడే గుంటూరులో కాలేజీ పిల్లలు మిడ్డీ మీద టాపులు వేయడం మొదలుపెట్టారు. కొట్లో రెడీమేడ్ టాపు కొనే స్తోమతు మాకెవరికీ లేదు. నేను పూల గౌను ఒకటి తెచ్చి, బ్లేడుతో కుట్లన్నీ విప్పి, ఉతికి, బొగ్గుల ఇస్త్రీ పెట్టి, పాత న్యూస్ పేపరు మీద కొలతలు గీసి, బుట్ట చేతులూ నడుం దగ్గర ఎలాస్టిక్కూ పెట్టి ఒక టాపు కుట్టాను. మగవాళ్ళ చొక్కా కాలరు దానికి తగిలించాను, గుండీలు ఇంకో కోటువి. అది వేసుకుని చర్చికి వెళ్తే, ఆ ఆదివారం ప్రసంగం విన్న ఆడపిల్ల ఒక్కతీ లేదు. నెల తిరిగేసరికి చర్చిలో పాడే క్వైర్ పిల్లలంతా నా కుట్టు మిషన్ చుట్టూ చేరారు. "అక్కా, నాకు ఫ్రిల్లు పెట్టు", "అక్కా, నాకు వీపు మీద గుండీలు పెట్టు" అంటుంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటర్ తప్పడం దేవుడి చిత్తమని అమ్మతో వాదించాను కూడా.

ఈస్టర్ దగ్గరపడింది. మా వైపు ఈస్టర్ రోజు తెల్లవారకముందే అందరం సమాధుల తోటకి వెళ్తాం. ముందురోజే సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటాం. సూర్యుడు వచ్చే వేళకి క్వైర్ లేచి పునరుత్థానం పాట అందుకోవాలి. ఆ ఏడాది ముందు వరసలో నిలబడే నలుగురు పిల్లలకీ ఒకేలాంటి తెల్ల టాపులు కుట్టి ఇస్తానని నేను అయ్యగారి దగ్గర (మా పాస్టరు గారిని అలాగే పిలుస్తాం) గొప్పగా ఒప్పుకున్నాను. తీరా చూస్తే కుప్పలో తెల్ల గుడ్డ ఒక్కటీ లేదు. గౌన్లన్నీ పూలు, గళ్ళు, చారలు. మాటిచ్చేశానే అని రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు కలరా ఉండల కోసం నాయనమ్మ రేకు పెట్టె తెరిచాను.

నాయనమ్మ గురించి చెప్పాలి. ఊరంతా ఆమెని ఆయమ్మ అనేవారు. వయసులో ఉండగా మిషన్ ఆసుపత్రిలో డాక్టరు దొరసానమ్మ దగ్గర ఇరవై ఏళ్ళు ఆయాగా పనిచేసింది. మిరపకాయలు ఎండే రోజుల్లో మాత్రం ఎవరు వద్దన్నా వినకుండా చెల్లెలి ఊరు వెళ్ళి, కళ్ళాల దగ్గర రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ కూర్చునేది. అప్పుడూ అక్కడే ఉంది. పెట్టె అడుగున, పాత దుప్పటి కింద, తెల్ల గౌను ఒకటి కనబడింది. కొలిస్తే నా ఎత్తుకి జానెడు ఎక్కువ. మెడకీ అంచుకీ చేత్తో అల్లిన లేసు. కింద కుచ్చుల ఘేరా విప్పితే మంచం మొత్తం పరుచుకుంది. బేలులో వచ్చిన మంచి గౌనుని ముసలమ్మ ఎవరికీ చెప్పకుండా దాచేసిందని నాకు ఒళ్ళు మండింది. ఈ వయసులో ఈమెకి గౌనెందుకు, అడిగితే ఇవ్వదు, కుట్టాక చూస్తే సంతోషిస్తుంది అనుకున్నాను. (దొంగతనానికి ముందు మనిషి బుర్ర ఎంత చక్కగా పనిచేస్తుందో అప్పుడే తెలిసింది.) కత్తెర పెట్టాను. నాలుగు రోజుల్లో నాలుగు టాపులు. లేసు సమానంగా నలుగురికీ పంచాను. నాన్న ఆ పక్కనే కూర్చుని పేపర్లు దిద్దుకున్నాడు, తలెత్తి ఒక్కసారి కూడా చూడలేదు.

నాయనమ్మ శనివారం పొద్దుగూకే వేళకి వచ్చింది. అలిసిపోయి పెట్టె జోలికి పోకుండా పడుకుంది. మర్నాడు తోటలో ఎప్పటిలాగే తాతయ్య సమాధి గట్టు మీద కూర్చుంది. తూరుపు ఎర్రబడింది. నలుగురు పిల్లలూ లేచి నిలబడ్డారు. నిజం చెప్పొద్దూ, నా కళ్ళకి వాళ్ళు దేవదూతల్లాగే ఉన్నారు. జనం గుసగుసలాడుతూ నా వైపు చూస్తున్నారు, నేను వినయంగా నేల చూస్తున్నాను. రెండో చరణంలో ఉండగా నాయనమ్మ లేచింది. మెల్లిగా నడిచి మొదటి పిల్ల దగ్గరికి వెళ్ళి, కాలరు తిప్పి, లేసు వేళ్ళతో తడిమింది. రెండో పిల్ల చెయ్యి పట్టుకుని బుట్ట చెయ్యి నలిపి చూసింది. మూడో పిల్ల, నాలుగో పిల్ల. పాట సన్నబడి ఆగిపోయింది.

"ఒరేయ్," అంది నాయనమ్మ నాన్నని చూసి, గొంతు పెంచకుండానే. "ఇవి నా చావు బట్టలురా. నేను బతికుండగానే నలుగురికి తొడిగి ముందర నిలబెట్టారు."

మూడో పిల్ల ముందు ఏడుపు అందుకుంది. "అక్కా, నాకు చావు బట్ట వేశావా" అంటూ అక్కడే గుండీలు విప్పబోతుంటే వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి కొంగు కప్పింది. ఇంకో తల్లి దగ్గర్లో ఉన్న నీళ్ళ బిందె తీసుకుని కూతురి మీద ఉన్నపళంగా కుమ్మరించింది. అయ్యగారి అమ్మాయి ఒక్కతే, "బాగానే ఉందిగా, సాయంత్రం దాకా వేసుకుని ఇచ్చేస్తాను" అంది, వాళ్ళ నాన్న చూపు చూసి నోరు మూసుకుంది. నేనేం చేశానని అడుగుతారా? ఎవరిదో సమాధి మీద కూలబడ్డాను. సున్నం ఇంకా ఆరలేదు. ఆ తెల్ల మచ్చతోనే ఊరంతా నడిచి ఇంటికొచ్చాను.

అసలు సంగతి ఇంటికొచ్చాక నాన్న చెప్పాడు. అది బేలులో వచ్చింది కాదు. దొరసానమ్మ వయసు మీదపడి తన దేశం వెళ్ళిపోతూ నాయనమ్మకి తన ఆదివారం గౌను ఇచ్చి, "మనం మళ్ళీ కలిసేది పైనే ఆయా. ఇది వేసుకుని రా, నేను గుర్తుపడతాను" అందట. ఆమె పోయినట్టు ఉత్తరం కూడా వచ్చిందట. ఆ సంగతి తల్లీ కొడుకూ తప్ప ఎవరికీ తెలియదు, అమ్మకి కూడా. నాన్న కొత్త తెల్ల చీర తెస్తానన్నాడు. నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "అక్కడ అన్నీ తెల్ల చీరలేరా," అంది. "అంతమందిలో ఆమె నన్నెట్టా కనిపెడద్ది? కళ్ళు కూడా సరిగా కనపడేవి కాదు ఆమెకి." నా మీద ఒక్క కేక వేసినా బాగుండేది. నావైపు చూడలేదు. నేను పెట్టిన అన్నం ముట్టలేదు, అమ్మ పెడితే తిన్నది. అంతకుముందు ఎన్ని తప్పులు చేశానో లెక్కలేదు కానీ, ఒక మనిషికి పైలోకంలో దారి తప్పించానన్న భయం అదే మొదలు.

నాలుగు టాపులూ తిరిగొచ్చాయి (ఒకటి కర్ర చివర వేలాడదీసుకుని తెచ్చారు). అన్నీ విప్పాను. నేల మీద పరిచి గౌను ఎలా ఉండేదో అలా పేర్చాను. మెడ చుట్టూ నాలుగు చోట్ల తెగింది, ఘేరా అంతా అర్ధచంద్రాలుగా కత్తిరించి ఉంది, చంకల కింద పోయిన ముక్కలు పీలికలుగా చెత్తలో కలిసిపోయాయి. ఆ పీలికల కోసం పెంటకుప్ప దాకా వెళ్ళి వెతికాను. అతుకులు కనబడకుండా కుట్టాలంటే నడుం దాకా వచ్చే ఒక్క టాపుకి తప్ప గుడ్డ చాలదని తేలింది. ఏడుస్తూనే కుట్టాను. ఈసారి ఫ్యాషన్లేమీ లేకుండా, సాదా చేతులు, మూసిన మెడ, లేసు మొత్తం ఒక్కదానికే. తీసుకెళ్ళి నాయనమ్మ మంచం మీద పెట్టి, కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. తర్వాత లేచి తొడుక్కుంది. నాన్న గడ్డం గీసుకునే అద్దం గోడ నుంచి తీసి, దగ్గరగా, దూరంగా పట్టుకుని చూసుకుంది. "చంకలో పట్టేస్తంది," అంది. వారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. వదులు చేసి తెచ్చాను. మళ్ళీ తొడుక్కుంది, మళ్ళీ అద్దం. "ఏమే పిల్లా," అంది, "ఆ పిల్లలకి బుట్ట చేతులు పెట్టావుగా. నావి ఇట్టా చీపురు పుల్లల్లాగా ఉన్నాయేం?"

నేను విన్నది నిజమేనా అని అమ్మ వైపు చూశాను. అమ్మ నావైపు చూసింది. డెబ్బై దాటిన విధవరాలు బుట్ట చేతులు అడుగుతోంది. పెట్టాను. ఆదివారం పొద్దున తెల్ల చీర మీద ఆ టాపు వేసుకుని, లేసు బయటికి కనబడేలా కొంగు సర్దుకుని, చర్చికి బయల్దేరింది. నాన్న గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"అమ్మా, అది పెట్టెలో దాచుకునేది కదే."

"దాచే ఇంత పనైంది," అంది నాయనమ్మ. "ఆమె గుర్తుపట్టాలంటే ముందు నా ఒంటికి అలవాటు పడాలి కదరా. జరుగు."

చర్చిలో ఆడవాళ్ళ వరస మొత్తం కొయ్యబారిపోయింది. చావు బట్ట బతికుండగా వేసుకుంటే అరిష్టమని ఒకామె వెనక్కి జరిగి కూర్చుంది. నాయనమ్మ మాత్రం ఆ రోజు అందరికంటే గట్టిగా పాడింది. బయటికొచ్చాక ఒక ముసలమ్మ మెల్లిగా నా మోచెయ్యి పట్టుకుని, "మా పెట్టెలో కూడా తెల్ల గుడ్డ ఒకటుందమ్మాయ్, ఊరికే పడుంది" అంది.

ఆ తర్వాత ఆమె పదకొండేళ్ళు బతికింది. ప్రతి ఆదివారం అదే టాపు. బుట్ట చేతులు చిరిగితే నేను కొత్తవి పెట్టాను, ముందు భాగం పిగిలితే అతుకు వేశాను, కాలరు చివికితే మార్చాను, వీపు పలచబడితే నా పెళ్ళయ్యాక నా తెల్ల పెళ్ళిచీరలోంచి ముక్క తీసి వేశాను. వేసిన ప్రతిసారీ "చెత్త కుట్టు" అని తిట్టేది. పోయిన రోజు టాపు దండెం మీద ఉంది, ఆదివారానికని ఉతికి ఆరేసుకుంది. ఇంకా తడి ఆరలేదు. నేనే ఇస్త్రీ పెట్టి ఆరబెట్టి తొడిగాను.

గుండీలు పెడుతుంటే అప్పుడు తట్టింది నాకు. అందులో దొరసానమ్మ గుడ్డ ఎక్కడా లేదు. మెడ దగ్గర రెండు వేళ్ళంత లేసు తప్ప మిగిలిందంతా నా అతుకులే. ఒక్క క్షణం పాత భయం గుండెల్లో దూరింది, పందొమ్మిదేళ్ళ ఆ బుద్ధిహీనురాలిని మళ్ళీ ఓసారి తిట్టుకున్నాను. ఇప్పుడు నాకూ అరవై దగ్గరపడ్డాయి, ఆ పిల్ల మీద అంత కోపం రావడం లేదు. దొరసానమ్మ గుర్తుపట్టకపోతే పోయింది, ఇదెవరు కుట్టారని అయినా అడుగుతుంది. నాయనమ్మ ముందు నన్ను నాలుగు తిట్టి, తర్వాత నా పేరు చెబుతుంది.